వాన పడ్డాక చెరువులో ఈతకు దిగొచ్చా? మా ఊరి చెరువు దగ్గర నేను చూసింది



పోయిన జూలైలో ఒక శుక్రవారం రాత్రి మా ఊళ్ళో గట్టి వాన పడింది. ఆ ఆదివారమే మా తోట చూడటానికి హైదరాబాద్ నుంచి మూడు కుటుంబాలు రావాలి. మొక్కలు నాటడం, కట్టెల పొయ్యి మీద భోజనం, సాయంత్రం పిల్లలకు చెరువులో ఈత. అడ్వాన్సు కూడా తీసుకున్నాను. శనివారం తెల్లారగానే మా అన్న కొడుకు వచ్చి "కాకా, చెరువుల మస్తు నీళ్ళొచ్చినయ్, ఈతకు పోదామా?" అని ఒకటే గోల.

కట్ట మీదికి వెళ్ళి చూస్తే నీళ్ళు చిక్కటి చాయ్ రంగులో ఉన్నాయి. ఈ నీళ్ళు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో చూద్దామని వాగు వెంట పైకి నడిచాను. ఆ నడకంతా వీడియోలో ఉంది, చూడండి.

మొదట ఊరి మురికి కాలువ. దాని పైన మేకల దొడ్డి. ఆ తర్వాత నాలుగు రోజుల కిందట యూరియా చల్లిన పత్తి చేను. గట్టు మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు. ఇంకాస్త పైకి వెళ్తే ఒక పేడ కుప్ప, దాని కింది నుంచి నల్లటి నీళ్ళు సన్నగా వాగులోకి దిగుతున్నాయి.

ఆ కుప్ప నాదే. ఘనజీవామృతం కోసం తెచ్చి పెట్టుకున్న పేడ.

వానకు చెరువులో ఏం మారుతుంది?

ఎండాకాలమంతా నేల మీద పేరుకున్న పేడ, మలం, ఎలుకల మూత్రం, మందుల అవశేషాలు మొదటి పెద్ద వానకే ఎక్కువగా కొట్టుకొస్తాయి. అందుకే సీజన్లో తొలి వరద నీళ్ళతో మరీ జాగ్రత్తగా ఉండాలి. మామూలు రోజుల్లో సూర్యరశ్మి చాలా సూక్ష్మక్రిములను చంపుతుంది. నీళ్ళు బురదగా ఉంటే ఎండ లోపలికి దిగదు, క్రిములు ఎక్కువ కాలం బతుకుతాయి. అడుగు మట్టిలో దాక్కున్నవి కూడా కదిలి పైకి వస్తాయి.

మన దేశంలో స్నానానికి వాడే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్లలో ఫీకల్ కోలీఫాం 500 లోపు ఉండటం మంచిది, 2,500 దాటకూడదు. పేడ కుప్ప మీదుగా వచ్చిన నీళ్ళు ఈ లెక్క దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళకు ఒక మాట. పేడ మన పొలానికి అమృతమే. అదే పేడ పిల్లలు మునిగే నీళ్ళలో కలిస్తే విరేచనాలు, చెవిపోటు, కళ్ళ కలక. ఆవు నాటుదా, జెర్సీదా అని క్రిమి చూడదు.

ఎలుకల జ్వరం సంగతి

నేను ఎక్కువ భయపడేది లెప్టోస్పైరోసిస్‌కు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళలోంచి, గాయాల్లోంచి, కళ్ళలోంచి ఒంట్లోకి వెళ్తే వస్తుంది. సాధారణంగా వారం, పది రోజుల తర్వాత జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్ళు ఎర్రబడటం మొదలవుతాయి. అప్పటికి ఈత సంగతి మనకు గుర్తుండదు. అందుకే డాక్టరు దగ్గర "చెరువులో దిగినం" అని మనమే చెప్పాలి. తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. నాట్లు వేసే ఆడవాళ్ళకూ ఇదే జాగ్రత్త.

రెండో దెబ్బ నాచుది

నీళ్ళు తేటపడ్డాయి కదా అనుకునేలోపు ఇంకోటి మొదలవుతుంది. చేలల్లోంచి కొట్టుకొచ్చిన నత్రజని, భాస్వరం తిని, ఎండ కాయగానే నీలి ఆకుపచ్చ నాచు పెరుగుతుంది. దీంట్లో కొన్ని రకాలు విషం వదులుతాయి. మనుషులకు దద్దుర్లు, వాంతులు. తాగిన పశువులు, కుక్కలు చనిపోయే ప్రమాదం ఉంది.

ఒక కట్టెపుల్లతో నాచును లేపి చూడండి. జుట్టులా పోగులు పోగులుగా వేలాడితే అది మామూలు నాచు కావచ్చు. పెయింటులా కట్టెకు అంటుకుంటే మనుషులనూ పశువులనూ దిగనివ్వొద్దు.

నేను పాటిస్తున్న లెక్క

• పెద్ద వాన తర్వాత కనీసం మూడు రోజులు ఎవర్నీ దిగనివ్వను. వాగు ఇంకా పారుతుంటే, ఆగాక లెక్క మొదలుపెడతాను.

• ఒక స్టీలు పళ్ళేనికి తెల్ల రంగు వేసి కర్రకు కట్టాను. మోకాలి లోతులో పళ్ళెం కనబడకపోతే ఈత లేదు. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేనట్టు కాదు, కాబట్టి మూడు రోజుల లెక్క తప్పదు. బురద నీళ్ళలో ఇంకో ప్రమాదం, పూడిక మట్టి తీసిన గుంతలు కనబడవు.

• అలుగు దుంకుతున్నప్పుడు అటువైపు, తూము దగ్గర ఎప్పుడూ దిగొద్దు.

• ఒంటి మీద గాయం ఉన్నవాళ్ళు, చిన్న పిల్లలు ఆగాలి. నీళ్ళు మింగొద్దు. బయటికి రాగానే బోరు నీళ్ళతో సబ్బు పెట్టి స్నానం.

తోటలో మార్చినవి

పేడ కుప్పను వాగుకు దూరంగా మెరక మీదికి మార్చి, చుట్టూ చిన్న గట్టు పోసి, పైన రేకులు వేశాను. వాలుకు అడ్డంగా కందకం తీసి దాని అంచున వట్టివేరు నాటాను. మట్టి అక్కడే ఆగుతోంది, ఎరువు కూడా నా పొలంలోనే ఉంటోంది. వాన ముసురు పట్టినప్పుడు జీవామృతం పారించడం మానేశాను. పక్క చేను అన్నతో కూడా మాట్లాడాను. స్ప్రే ట్యాంకు వాగులో కడగడం ఆపాడు. యూరియా మాత్రం ఇంకా చల్లుతున్నాడు, చూద్దాం.

ఆ శనివారం మూడు కుటుంబాలకూ ఫోన్ చేసి ఈత ఉండదని చెప్పాను. ఇద్దరు రామన్నారు, అడ్వాన్సు తిరిగి పంపేశాను. ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పిల్లలకు బోరు దగ్గర తొట్టి నింపిస్తే సాయంత్రం దాకా దాంట్లోంచి లేవలేదు. మా అన్న కొడుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పళ్ళెం కనబడింది, నాచు లేదు. నడుముకు లారీ ట్యూబు కట్టి, నేనూ వాడితో పాటే దిగాను.

పళ్ళెం తయారీ, వట్టివేరు నాటే దూరం వీడియోలో చూపించాను. వాన పడ్డ మర్నాడు ఒకసారి మీ ఊరి వాగు వెంట పైకి నడవండి. మీ కుప్ప ఎక్కడుందో చూసుకోండి.