ఇంటి కంప్యూటరునకు ఇంటర్నెట్టు నిలిచిపోయినప్పుడు



మడికి నీరు రానినాడు మనమేమి చేయుదుము? తిన్నగా పోయి తూము తలుపు విరుగగొట్టము. అధికారులను దూషించుచు అరుగుమీద కూర్చుండము. పార భుజాన వేసికొని, మడివద్ద బయలుదేరి, పిల్లకాలువ గట్టుమీదుగా ఎగువకు నడతుము. ఇచట నీరున్నదా? లేదు. పది బారలు పైకి పోయి చూతుము. ఇచట నున్నదా? ఉన్నది. ఐనచో గండియో పూడికయో ఈ రెండు తావుల నడుమనే ఉండవలయును. అనంతసాగరపు చెరువు క్రింది సేద్యమైనను, సోమశిల కాలువ క్రింది సేద్యమైనను పద్ధతి ఇదియే. నీరుగంటి పని చూచుచు పెరిగిన మనకు ఇది ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

ఇంటి కంప్యూటరునకు తీగద్వారా వచ్చు ఇంటర్నెట్టు నిలిచిపోయినచో ఏమి చేయవలయును అనునది నేటి నా ప్రసంగ విషయము. పేరు క్రొత్తది, విద్య మాత్రము పైన చెప్పినదే. దీనిని నేను తెలివిచేత గాక, దెబ్బతిని నేర్చుకొంటిని. కావున ఆ దెబ్బ సంగతియే ముందుగా మనవి చేసెదను.

రెండేండ్ల క్రిందటి మాట. నా మనుమరాలు ఇంటర్మీడియటు ముగించి, ప్రవేశపరీక్ష వ్రాసి, ఇంజనీరింగు కళాశాలలను కోరుకొను దినములవి. ఏ కళాశాల మొదట, ఏది తరువాత అని వరుసగా పట్టిక కూర్చి, కంప్యూటరుద్వారా పంపవలయును. గడువు ఆ సాయంకాలముతో తీరును. ఉదయము కంప్యూటరు తెరువగా ఇంటర్నెట్టు లేదు. నేను వెంటనే కనెక్షను ఇచ్చినవారికి ఫోను చేసి నాలుగు మాటలు గట్టిగా అంటిని. రేపు మనిషిని పంపుదుమనిరి. అంతవరకు ఓపిక పట్టలేక, ఎవరో చేయగా చూచిన జ్ఞాపకముతో, గోడకున్న తెల్లని పెట్టె వెనుకనుండు సన్నని రంధ్రములో గుండుసూది గ్రుచ్చి అదిమి పట్టితిని. పెట్టెమీది దీపములన్నియు ఒక్కసారి ఆరి, మరల వెలిగెను. బాగుపడినదని సంతోషించితిని. అంతలో మనుమరాలు లోపలినుండి వచ్చి, “తాతా, ఏం చేశావు? ఇంతసేపూ నా ఫోనుకు వస్తూనే ఉండింది. ఇప్పుడు అదీ పోయింది” అనెను.

రోగనిర్ణయమంతయు ఆ మాటలోనే ఉన్నది. ఫోనునకు వచ్చుచుండెననగా, ఊరినుండి పెట్టెవరకు సర్వము సరిగానే ఉండెను. చెడినది పెట్టెకును కంప్యూటరునకును నడుమనుండు తీగ ఒక్కటియే. ఆ తీగ వడ్లబస్తాల వెనుకగా పోవుచున్నది. బస్తాలు జరిపి చూడగా ఎలుక కొరికిన తావు కనబడెను. మడిగట్టున ఎండ్రకాయ చేసిన బొక్కకు నేను తూమునే పాడుచేసితిని! సూది గ్రుచ్చుటవలన, కనెక్షనువారు పెట్టెలో వ్రాసియుంచిన పేరు, రహస్యపదము మొదలైనవన్నియు తుడిచిపెట్టుకొని పోయినవి.

మా యింటిలో ఫోనుకు టవరునుండి వచ్చు సంకేతము నిలువదు. మేమిద్దరము బస్సెక్కి ఆత్మకూరు పోయి, ఒక నెట్ సెంటరులో వరుసలో నిలిచి, గడువు ముగియుటకు కొంచెము ముందుగా ఆ పట్టికను పంపగలిగితిమి. దారి పొడుగున ఆ పిల్ల నన్ను ఒక్కమాటయు అనలేదు. అందుచేతనే ఈ విద్య నేర్చితీరవలెనని నాకు పట్టుదల కలిగినది.

మొదట నీటిత్రోవ తెలిసియుండవలయును గదా. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. ఆనాడది టెలిఫోను తీగవెంట నడచెడిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పి, విద్యుత్ స్తంభములమీదుగా గాజుతీగను సాగించు పనికి పూనుకొనెను. ఆ పథకమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. నేడు ప్రభుత్వసంస్థ ఇచ్చినదైనను, ప్రైవేటువారు ఇచ్చినదైనను, కంబమునుండి ఇంటికి వచ్చునది చాలచోట్ల గాజుతీగయే. వెంట్రుకవంటి ఆ గాజుపోగులో వార్త కాంతిరూపమున ప్రయాణము చేయును. శుద్ధమైన గాజు దొరికినచో కాంతిని బహుదూరము పంపవచ్చునని 1966లో చూపిన చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞునకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

గోడకున్న పెట్టె ఆ కాంతిని విద్యుత్తుగా మార్చి, వైఫై పేరుతో గాలిలోను, తీగద్వారా కంప్యూటరునకును పంచును. దీనిని కొందరు మోడెమనియు, కొందరు రూటరనియు అందురు. కొన్ని ఇండ్లలో ఈ పనులకు రెండు పెట్టెలుండును. కంప్యూటరునకు పోవు తీగలో ఎనిమిది రాగితీగలు, రెండేసి మెలివేసి, నాలుగు జంటలుగా ఉండును. ఆ మెలిక అలంకారమునకు కాదు. చుట్టుపట్ల కరెంటు తీగలవలన కలుగు అలజడి, మెలికలోని రెండు తీగలకును సమానముగా అంటును. ఆవలి కొన ఆ రెండింటి భేదమును మాత్రమే గ్రహించుటచే అలజడి కొట్టుపడిపోవును. ఇది టెలిఫోను ప్రసిద్ధుడగు గ్రాహంబెల్ 1881లో కనిపెట్టిన ఉపాయము. ఈ రాగితీగ నూరు మీటర్లకు మించి సాగరాదు.

త్రోవ తెలిసినది గావున, ఇక పార భుజాన వేసికొందము.

మొదటి ప్రశ్న: ఆగినది ఒక్కరికా, అందరికా? పెట్టెకు కరెంటున్నదా, నెల చందా గడువు తీరినదా అని చూచుకొని, ఇంటిలోని ఫోనును వైఫైతో కలిపి చూడుడు. ఆ సమయమున ఫోనులోని మొబైలు డేటాను తప్పక ఆపియుంచవలయును. లేనిచో టవరునుండి వచ్చుదానిని చూచి, వైఫైలో వచ్చుచున్నదని భ్రమపడుదుము. ఫోనునకు వచ్చి కంప్యూటరునకు రానిచో, తప్పు పెట్టెకు ఇవతల నున్నది. ఇద్దరికిని రానిచో, పెట్టెలోనో, అవతలనో ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన త్రోవ సగము తగ్గిపోవును. ఒక్క పుట మాత్రమే తెరచుకొనక, తక్కినవన్నియు తెరచుకొనినచో, చెడినది ఆ పుట గలవారియొద్దనే గాని మనయొద్ద కాదు.

రెండవది తీగ. కంప్యూటరు వెనుక తీగ దూర్చుచోట సాధారణముగా చిన్న దీపముండును. పెట్టెవద్దను అట్టిదే యుండును. తీగ బాగుగనున్నచో ఆ దీపములు వెలుగును. వెలుగనిచో కొనను తీసి, టక్కుమని చప్పుడగునట్లు మరల దూర్చుడు. కొననుండు చిన్న నాలుక విరిగినచో అది నిలువక జారుచుండును. అప్పటికిని వెలుగనిచో, పెట్టెలో ప్రక్కరంధ్రమునకు మార్చి చూడుడు. ఆ పిమ్మట మంచిదని తెలిసిన ఇంకొక తీగ వేసి చూడుడు. క్రొత్త తీగతో దీపము వెలిగినచో ఎలుకకే శిక్ష!

మూడవది పెట్టెమీది దీపములు. చాల పెట్టెలలో ‘పాన్’ అని వ్రాసిన దీపము పచ్చగా నిలుకడగా వెలుగవలయును. ‘లాస్’ అని వ్రాసినది ఎఱ్ఱగా వెలిగినచో, గాజుతీగలో కాంతి రాలేదని అర్థము. గాజుతీగ తెగినను, మిక్కిలి వంగినను కాంతి బయటికి జారిపోవును. మేకుకు చుట్టి ముడిపెట్టినచో రాగితీగ ఓర్చుకొనును గాని గాజుతీగ ఓర్వదు. ఇచట మనము చేయదగినది లేదు, కనెక్షనువారిని పిలువవలయును. ఒక్క హెచ్చరిక: తెగిన గాజుతీగ కొనను కంటియొద్ద పెట్టుకొని చూడరాదు. అందుండి వచ్చు కాంతి కంటికి కనబడదు గాని కంటికి హాని చేయును. పిల్లలను దానిని తాకనీయకుడు.

నాలుగవది, పెట్టెను ఆపి మరల నడపుట. కరెంటు స్విచ్చు ఆపి, అర నిమిషము తాళి, మరల వేసి, రెండు మూడు నిమిషములు వేచియుండుడు. పెట్టెలోని లెక్క తప్పినచో దీనితో సరిపడును. స్విచ్చు ఆపుట నిద్రపుచ్చి లేపుటవంటిది. సూది గ్రుచ్చుట జ్ఞాపకశక్తిని తుడుచుట. మొదటిది ఎన్నిమారులైనను చేయవచ్చును. రెండవది కనెక్షనువారు చెప్పిన తరువాతగాని చేయరాదు.

అయిదవది చిరునామా. ఉత్తరమునకు వలెనే ఇంటర్నెట్టులోను ప్రతి యంత్రమునకు అంకెలతో కూడిన చిరునామా ఉండవలయును. ఇంటిలోని కంప్యూటరునకు దానిని పెట్టెయే ఇచ్చును. అది తరచుగా 192.168 అని మొదలగును. చిరునామా 169.254 అని మొదలైనచో, అడిగినను ఎవరును ఇయ్యకపోవుటచే కంప్యూటరు తనకు తానే పేరు పెట్టుకొన్నదని గ్రహింపవలయును. అనగా పెట్టెకును దీనికిని మాటలు సాగుట లేదు. తీగను, పెట్టెను మరల చూడుడు.

ఆరవది కేకవేయుట. రాత్రివేళ నీరు పారించునప్పుడు గట్టుమీది మనిషిని కేకవేసి, బదులు వచ్చినచో అంతవరకు అంతయు క్షేమమని తెలిసికొందుము గదా. కంప్యూటరులో ఆ కేకకు ‘పింగ్’ అని పేరు. మైక్ మూస్ అను అమెరికా దేశీయుడు 1983 డిసెంబరులో దీనిని వ్రాసెను. సముద్రములో ధ్వనిని పంపి, ప్రతిధ్వనివలన దూరమును కనుగొను యంత్రపు చప్పుడే ఆ పేరు. కంప్యూటరులో ‘కమాండ్ ప్రాంప్ట్’ అను నల్లని పలకను తెరచి, పింగ్ అని వ్రాసి, ప్రక్కన చిరునామా వ్రాసినచో చాలును. మొదట మన పెట్టెను పిలువవలయును. దాని చిరునామా తరచుగా పెట్టె అడుగున అంటించిన చీటిలో ఉండును. బదులు వచ్చినచో తీగ మంచిదే. పిమ్మట దూరమున నుండు 8.8.8.8 అను చిరునామాను పిలువవలయును. ఇది గూగుల్ వారిది. అచటినుండియు బదులు వచ్చినచో త్రోవ అంతయు మంచిదే. అయినను పుటలు తెరచుకొననిచో, పేరును అంకెలుగా మార్చి చెప్పు ఏర్పాటు చెడినదని ఊహింపవచ్చును. మనిషి ఇంటనే ఉన్నాడు, వాని ఇంటి నంబరు చెప్పువాడే లేడన్నమాట. పెట్టె పలికి, దూరపుది పలుకనిచో తప్పు ఊరివైపున ఉండుట సహజము.

ఇన్ని పరీక్షలు మనకెందుకు, వచ్చి చూచుకొనుటకు మనిషి లేడా అని కొందరందురు. మనిషి ఉన్నాడు; కాని అతడు ఎన్నో ఊళ్లకు తిరుగవలయును. “నెట్టు రావడం లేదు” అని మాత్రము చెప్పినచో అతడేమి తెచ్చుకొనవలయునో తెలియదు. “పెట్టెకు కరెంటు ఉన్నది, లాస్ దీపము ఎఱ్ఱగా ఉన్నది, ఉదయము ఏడింటినుండి ఇట్లున్నది” అని చెప్పినచో, గాజుతీగ అతుకు పనిముట్లతోనే వచ్చును. తప్పు మన ఇంటిలోనిదైనచో అతనిని పిలువనే అక్కరలేదు. నేడు పొలపు అడంగలు, బిడ్డల చదువు, దూరదేశములనున్న కొడుకుల ముఖములు అన్నియు ఆ తీగవెంటనే మన యింటికి వచ్చుచున్నవి. దాని బాగోగులు కొంచెమైనను మనకు తెలిసియుండుట న్యాయము.

ఎల్లప్పుడును ఒక్క నియమము పాటింపుడు. ఒక్కసారి ఒక్కదానినే మార్చి, ఫలితము చూచి, ఆ పిమ్మటనే రెండవదానిని ముట్టుకొనవలయును. రెండు మూడు ఒకేసారి మార్చినచో, బాగుపడినను దేనిచే బాగుపడెనో తెలియదు. చెడినను దేనిచే చెడెనో తెలియదు. మా యింటిలో ఇప్పుడు తీగను ప్లాస్టిక్ గొట్టములో పెట్టి, వడ్లబస్తాలకు దూరముగా గోడ ఎత్తున సాగించితిమి. పెట్టె వెనుకనుండు సన్నని రంధ్రముపై ఒక కాగితపు ముక్క అంటించితిని. అది ఎలుకకొరకు కాదు, నాకొరకు.