ఫొటో ముసుగులో ప్రోగ్రాము.. వెబ్‌సైట్లకు ముప్పు

దరఖాస్తుదారుల ఫొటోలు, ధ్రువపత్రాలు స్వీకరించే వెబ్‌సైట్లకు ఆ అప్‌లోడ్ సదుపాయమే ముప్పుగా పరిణమించే అవకాశముంది. వచ్చిన ఫైలు ఏ రకానిదో సర్వర్ పరిశీలించకపోతే హ్యాకర్లు ఫొటోకు బదులు పీహెచ్‌పీ ప్రోగ్రామును పంపుతారు. దాని చిరునామాను బ్రౌజర్‌లో తెరవగానే ప్రోగ్రాము సర్వర్‌లో నడుస్తుంది. దరఖాస్తుదారుల వివరాలతో సహా సైటు వారి చేతికి చిక్కుతుంది.

వర్డ్‌ప్రెస్ సైట్లలో వాడే ‘ఫైల్ మేనేజర్’ ప్లగిన్‌లో 2020 సెప్టెంబరులో ఇటువంటి లోపమే బయటపడింది. లాగిన్ కాకుండానే ఎవరైనా ఫైళ్లు పంపగలిగారు. అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లలో ఆ ప్లగిన్ ఉంది. 6.9 వెర్షన్‌లో లోపాన్ని సరిదిద్దారు.

బ్రౌజర్‌లో జరిపే తనిఖీని తప్పించుకోవడం సులభం. కావున నిర్వాహకులు అనుమతించదగిన ఫైలు రకాలను ముందే నిర్ణయించి, సర్వర్‌లోనే తనిఖీ చేయాలి. ఫైలు పేరు మార్చి, ప్రోగ్రాములు నడవని ఫోల్డరులో భద్రపరచాలి.