525 రెట్లు అని రాసున్న టెలిస్కోపు కొనాలా?

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశం ముగిసి అందరూ వెళ్ళిపోతుంటే ఏడో తరగతి పిల్లవాడి తల్లి ఒకామె ఆగి, ఫోన్‌లో ఒక బొమ్మ చూపించారు. "మా వాడు ఇది కొనీమని ఒకటే పోరు పెడతా ఉండాడు సార్. పెట్టె మీద 525 రెట్లు అని రాసుంది. కొందామా?" ఆ వారంలో ఇదే ప్రశ్న అడిగినవాళ్ళలో ఆమె మూడోవారు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ టెలిస్కోపు కొనకండి. టెలిస్కోపే వద్దని కాదు, అది వద్దు.

నేను కొని చూశాను కాబట్టి చెప్తున్నా. కొన్నేళ్ళ కిందట మా పాప పుట్టినరోజుకి అలాంటిదే తెప్పించాను. సన్నటి అల్యూమినియం కాళ్ళు, పెట్టె మీద రంగురంగుల శని గ్రహం. మొదటి రాత్రి మిద్దె మీద పెట్టి చంద్రుణ్ణి చూపించబోయాను. చెయ్యి తగిలితే చాలు, బొమ్మ నాలుగైదు సెకన్లు వణికేది. వణుకు ఆగేలోపు చంద్రుడు పక్కకి జరిగిపోయేవాడు. మూడో రాత్రికి పాప "నిద్దరొస్తా ఉంది నాన్నా" అని కిందికి దిగిపోయింది. టెలిస్కోపు అటకెక్కింది. డబ్బు పోతే పోయింది. ఆకాశం చూడటమంటే ఇంతే కాబోలని పిల్ల అనుకుంది చూడండి, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇంతకీ ఈ 525 ఎక్కడిది? ఇది ఏడో తరగతి లెక్కే. టెలిస్కోపు నాభ్యంతరాన్ని, మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకం (ఐపీస్ అంటారు) నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుంది. ఆ గొట్టం నాభ్యంతరం 700 మి.మీ. ఐపీస్ 4 మి.మీ. అయితే 175 రెట్లు. దానికి మూడు రెట్లు పెంచే బార్లో కటకం ఒకటి తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు. కానీ ఆ టెలిస్కోపు ముందు కటకం వెడల్పు 60 మి.మీ. మాత్రమే. ఎంత మంచి టెలిస్కోపుకైనా వెడల్పును మి.మీ.లలో కొలిచి రెండుతో గుణిస్తే వచ్చేదే దాదాపు చివరి హద్దు. అంటే ఇక్కడ 120 రెట్లు. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేదీ కనిపించదు. పాసుపోర్టు ఫొటోని గోడంత సాగదీస్తే ముఖం అలుక్కుపోయినట్టు ఉంటుంది.

మరి దేన్ని చూసి కొనాలి? మొదట వెడల్పు. చీకటిలో మన కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది. 70 మి.మీ. కటకం దానికి పదింతల వెడల్పు, అంటే వంద రెట్ల వెలుగును పోగుచేస్తుంది. టెలిస్కోపు అసలు పని అదే, పెద్దగా చూపించడం తర్వాతి సంగతి. రెండోది కాళ్ళు. నా మటుకు నాకు వెడల్పు కంటే ఇదే ముఖ్యం. అంగట్లో గొట్టాన్ని వేలితో తట్టి లోపలికి చూడండి. రెండు సెకన్లలో వణుకు ఆగితే మంచిది, ఆగకపోతే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. మూడోది, ఐపీస్ దూర్చే గొట్టం 1.25 అంగుళాలదా అని అడగండి. ఆ కొలతైతే రేపు మంచి ఐపీస్ విడిగా కొనుక్కోవచ్చు.

రకాల్లోకి వెళ్తే, ముందు కటకం ఉన్నవి, అడుగున అద్దం ఉన్నవి అని రెండు. ఇంట్లో చిన్నపిల్లలుంటే 70 లేక 80 మి.మీ. కటకం రకం, పైకి కిందకి, పక్కలకి సులువుగా తిరిగే గట్టి కాళ్ళతో తీసుకోండి. ఇంకొంచెం పెట్టగలిగితే బల్ల మీద పెట్టుకునే 114 లేక 130 మి.మీ. అద్దం రకం మేలు. దాన్ని డాబ్సోనియన్ అంటారు. జాన్ డాబ్సన్ అనే ఆయన అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత మఠంలో సన్యాసిగా ఉంటూ, పారేసిన గాజు అరగదీసి అద్దాలు చేసి, వాటిని చెక్కపెట్టెల మీద నిలబెట్టాడు. మఠం వదిలాక ఆ టెలిస్కోపులను వీధి మూలల్లో పెట్టి దారిన పోయేవాళ్ళందరికీ చంద్రుణ్ణి చూపించాడు. చౌకగా, వణక్కుండా, పెద్ద అద్దాన్ని నిలబెట్టే ఉపాయం ఆయనది. దాని మీద పేటెంటు కూడా తీసుకోలేదు.

పెద్ద బరువుతో, ఏటవాలు ఇరుసుతో వచ్చే 'ఈక్వటోరియల్' స్టాండ్లు మొదటిసారికి వద్దు. అవి సరిగా పనిచెయ్యాలంటే ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు తిప్పాలి. ఒక ఊరు ఎంత అక్షాంశం మీద ఉంటే అక్కడ ధ్రువ నక్షత్రం అంత ఎత్తులో కనిపిస్తుంది. మన హోసూరులో సుమారు 12.7 డిగ్రీలు. అంటే కొబ్బరిచెట్ల వెనకే. పైగా ఆ వైపంతా బెంగళూరు వెలుగు ఆకాశాన్ని తెల్లగా చేసి పెట్టింది.

కానీ ఇదే అక్షాంశం దక్షిణం వైపు మనకు మేలు చేసింది. లండను పిల్లలు ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా చూడలేని అగస్త్య నక్షత్రం ఫిబ్రవరి రాత్రుల్లో మన మిద్దె మీంచే కనిపిస్తుంది. త్రిశంకు అని మనం పిలిచే సదరన్ క్రాస్ ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన కింద నిలబడుతుంది. తిరుపత్తూరు దగ్గర జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీని పెట్టడానికి ఇదీ ఒక కారణం. దాన్ని కట్టించిన వైణు బప్పు హైదరాబాదులో పెరిగినవారు. ఆయన తండ్రి అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. 1986లో మొదలైన అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోపుకి ఆయన పేరే పెట్టారు. అంతకుముందే, 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు, ఆ గ్రహానికి వలయాలున్న జాడ దొరికిన చోట్లలో కావలూరు ఒకటి.

సరే, డబ్బు ఇప్పుడే పెట్టలేమంటే? పెట్టొద్దు. 7×50 లేక 10×50 బైనాక్యులర్ ఒకటి చాలు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడండి. కృత్తికలు, అదే మన అవ్వలు పిల్లలకోడి అనేవాళ్ళే, కంటికి ఆరు చుక్కలుగా ఉండేవి బైనాక్యులర్‌లో పదుల కొద్దీ కనిపిస్తాయి. అది కూడా లేకపోతే కళ్ళతోనే మొదలుపెట్టండి. మనం వేగుచుక్క అనేదాన్నే పక్కింటి తమిళులు విడివెళ్ళి అంటారు, వెనక వీధి కన్నడిగులు బెళ్ళి చుక్కి అంటారు. మూడూ శుక్రుడే. ఏది గ్రహం, ఏది నక్షత్రం అని ముందు కళ్ళతో పోల్చుకోగలిగిన పిల్లలకే టెలిస్కోపు పనికొస్తుంది. లేకపోతే దాన్ని ఎటు తిప్పాలో తెలియక అవస్థ పడతారు.

టెలిస్కోపు వచ్చాక మొదటి పని రాత్రి కాదు, పగలు. పైన ఉండే చిన్న దారిచూపు గొట్టాన్ని, అంటే ఫైండర్‌ని, పెద్ద గొట్టంతో సరిచెయ్యాలి. సూర్యుడు లేని దిక్కున దూరంగా ఉన్న సెల్ టవరో, గుడి గోపురమో చూసుకోండి. నేను చంద్రచూడేశ్వరుడి కొండ మీది గోపురాన్ని పెట్టుకుంటాను. చంద్రుణ్ణి తలమీద పెట్టుకున్న స్వామి కదా, శకునం కూడా బాగుంటుంది! గోపురం తలకిందులుగా కనిపిస్తే టెలిస్కోపు చెడిపోయిందని అనుకోకండి. చాలావాటిలో అంతే, ఆకాశంలో పైనా కిందా అని లేవు కదా.

సూర్యుడి సంగతి విడిగా చెప్పాలి. టెలిస్కోపుతో గానీ బైనాక్యులర్‌తో గానీ సూర్యుణ్ణి చూడకూడదు, ఒక్క క్షణం కూడా. భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతి పిల్లవాడికీ ఎందుకో తెలుసు. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు, పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. కొన్ని పెట్టెల్లో ఐపీస్‌కి బిగించే నల్లటి 'సన్ ఫిల్టర్' ఒకటి ఇస్తారు. అది వేడికి పగిలిపోతుంది. తల్లిదండ్రులకు నా మనవి, పెట్టె విప్పగానే ఆ ముక్కను పగలగొట్టి పారేయండి. పగలు టెలిస్కోపుని మూత పెట్టకుండా మిద్దె మీద వదలొద్దు.

ఇక చంద్రుడు. అందరూ పున్నమి నాడు చూడాలనుకుంటారు. పున్నమి నాడు వెలుగు నేరుగా పడుతుంది, నీడలుండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. గోడ మీది పంచాంగం చూసి శుక్ల షష్ఠి నుంచి దశమి లోపల మొదలుపెట్టండి. అష్టమి నాడు పొద్దు గూకేసరికి చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన గుంటల అంచులు, కొండల నీడలు కోసినట్టు కనిపిస్తాయి. చుక్కల కోసమైతే అమావాస్యకి అటూఇటూ రోజులు.

తర్వాత గురుడు. 1610 జనవరిలో గెలీలియో 20 రెట్ల టెలిస్కోపుతో గురుడి పక్కన చిన్న చుక్కలు చూశాడు. రోజూ వాటి చోటు మారుతోంది. ఆయన చేసిందల్లా ప్రతి రాత్రీ కాగితం మీద గుర్తు పెట్టుకోవడమే. మీరూ ఒక నోట్‌బుక్కులో గుండ్రటి గురుడు, పక్కన చుక్కలు, తేదీ, టైము రాసి పెట్టండి. వారం తర్వాత తిరగేస్తే నాలుగు చందమామలు గురుడి చుట్టూ తిరగడం మీకే తెలిసిపోతుంది. శని 50 రెట్లలో నువ్వుగింజంత కనిపిస్తుంది, కానీ వలయంతో! 2025 మార్చిలో ఆ వలయం అంచు మన వైపు తిరిగి సన్నటి గీతలా అయిపోయింది. అప్పట్నుంచి మెల్లగా తెరుచుకుంటోంది, ఏటికేడు ఇంకా బాగుంటుంది.

ఎండలో కాగిన మిద్దె రాత్రి తొమ్మిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలో గ్రహాలు నీళ్ళ అడుగున ఉన్నట్టు ఆడతాయి. ఎండాకాలంలో పెరట్లో మట్టినేల మీద పెట్టుకోవడం మంచిది. టెలిస్కోపుని అరగంట ముందే బయట పెడితే లోపలి గాలి కూడా చల్లబడుతుంది. జూన్ నుంచి డిసెంబరు దాకా మనకు మబ్బులే ఎక్కువ. కాబట్టి సంక్రాంతి తర్వాత కొంటే ఉగాది దాటేదాకా హాయిగా వాడుకోవచ్చు.

ఫొటోల గురించి పిల్లలు తెగ అడుగుతున్నారు. మీ ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. తక్కువ రెట్ల ఐపీస్ (20 లేక 25 మి.మీ.) పెట్టి, ముందు మీ కంటితో చంద్రుణ్ణి స్పష్టంగా సరిచేసుకోండి. తర్వాత ఫోన్ కెమెరాని ఐపీస్ మీదికి తీసుకురండి. చేత్తో పట్టుకుంటే చాలా కష్టం, బిగించుకునే ఫోన్ హోల్డర్ ఒకటి కొనుక్కోండి. తెర మీద చంద్రుణ్ణి వేలితో నొక్కి పట్టి, వెలుగును కిందికి లాగండి. చుట్టూ చీకటి చూసి ఫోన్ మోసపోయి చంద్రుణ్ణి తెల్లటి పళ్ళెంలా చేసేస్తుంది. నిజానికి చంద్రుడు ఎండలో ఉన్న బండరాయి, పగటి ఫొటోకి సరిపోయే కొలతలే దాదాపు సరిపోతాయి. ఫ్లాష్ ఆపండి. మూడు సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేయండి. కొన్ని ఫోన్లు అది చంద్రుడని గుర్తుపట్టి సొంతంగా మెరుగులు దిద్దుతాయి. ఆ సెట్టింగు ఆపేస్తేనే మీరు తీసిన ఫొటో మీదవుతుంది.

టెలిస్కోపు లేకుండా చుక్కల్ని తియ్యాలంటే ఫోన్‌ని ఇటుకకి ఆనించి, ప్రో మోడ్‌లో ఫోకస్ దూరానికి పెట్టి, ఐ.ఎస్.ఓ. 800 లేక 1600, షట్టరు 15 సెకన్లు ఉంచండి. 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది కదా. గీతలే కావాలంటే వరసగా వంద ఫొటోలు తీసి కలిపేయొచ్చు. ఒకే చోటివి పాతిక ముప్పై ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి మసకని తగ్గించే సిరిల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, కంప్యూటర్ ల్యాబులో నేర్పిస్తాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఓరియన్ నడుం దగ్గర వరసగా ఉండే మూడు చుక్కల కింద ఒక వెలుగుమబ్బు ఉంది, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. పుస్తకాల్లో అది గులాబీ రంగులో ఉంటుంది. మీ ఐపీస్‌లో బూడిద రంగులో, అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు. కెమెరా నిమిషాల తరబడి వెలుగును పోగుచేసుకుంటుంది కాబట్టి దానికి తెలుస్తుంది. అలా తియ్యాలంటే ఆకాశంతోపాటు తిరిగే మోటారు స్టాండు కావాలి. దాని ఖర్చు టెలిస్కోపుని మించుతుంది. ఆ ఊసు ఒక ఏడాది తర్వాత ఎత్తుదాం.

కొనేముందు ఒకసారి చూసి పోండి. శుక్ల అష్టమికి దగ్గర పడే శనివారం సాయంత్రం 6:30కి, మబ్బు లేకపోతే, బడి ఆటస్థలంలో టెలిస్కోపు పెడుతున్నాం. పిల్లలు పెద్దవాళ్ళతోనే రావాలి. టార్చి తెచ్చేవాళ్ళు దానికి ఎర్ర కాగితం కట్టుకుని రండి. అటకెక్కిన నా పాత టెలిస్కోపు కూడా పక్కనే ఉంటుంది, రెండింట్లోంచీ చూడండి.