గేదె చూడి కట్టిందా? మూడో నెల దాటకముందే తేల్చుకోండి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులను మేము తప్పక అడిగే మాట ఒకటుంది: "మీ కొట్టంలో గేదెలెన్ని? వాటిలో చూడివి ఎన్ని?" గేదెల లెక్క వెంటనే చెబుతారు. చూడి లెక్క దగ్గర మాత్రం "సూది వేయించాం, మళ్ళీ ఎదకు రాలేదు, కట్టే ఉంటుంది" అంటారు. ఈ 'కట్టే ఉంటుంది' అన్న నమ్మకమే పాడి రైతును ఎక్కువగా నష్టపరుస్తున్నది.

లెక్క చూడండి. గేదె సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. చూడిదని నమ్మి మేపిన గేదె 5 నెలల తరువాత వట్టిదని తేలితే, దాదాపు 7 ఎదలు చేజారినట్లే. ఆ 5 నెలల మేత, దాణా ఖర్చు తిరిగి రాదు. ఈత వెనుకబడుతుంది. పాలడబ్బు ఆగినా అప్పు వాయిదా ఆగదు.

ఏవి గుర్తులు, ఏవి కావు?

సూది వేయించిన 18 నుంచి 24 రోజుల మధ్య గేదె మళ్ళీ ఎదకు రాకపోవడం మొదటి సూచన. అది సూచనే గాని రుజువు కాదు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవకుండా, తీగలు సరిగా కనబడకుండా, రాత్రివేళ వచ్చి పోతుంది. ఎండాకాలంలోనూ, మేత చాలనప్పుడూ, గర్భకోశ వ్యాధులున్నప్పుడూ వట్టి గేదె కూడా ఎదకు రాదు.

దీనికి వ్యతిరేకమూ ఉంది. కొన్ని చూడి పశువులు ఎద లక్షణాలు చూపుతాయి. తిరిగి పొర్లిందని తొందరపడి పరీక్ష లేకుండా మళ్ళీ సూది వేయిస్తే, ఉన్న చూలు ఈసుకుపోయే ప్రమాదముంది.

పశువు నెమ్మదించడం, ఒళ్ళు నిగారించడం, పాలు తగ్గడం వంటివి ఇతర కారణాల వల్లా జరుగుతాయి. పొట్ట పెరగడం బాగా ఆలస్యంగా తెలుస్తుంది. అందువల్ల 60 నుంచి 90 రోజుల మధ్య పశువైద్యునిచేత చూడి పరీక్ష చేయించడమే నమ్మదగిన మార్గం. స్కానింగు సౌకర్యమున్న చోట ఇంకా ముందే తెలుసుకోవచ్చు. తెలియనివారిచేత చేయి పెట్టించవద్దు.

తొలి నెలల్లో జాగ్రత్తలు

మొదటి 40 రోజుల్లో పిండం గర్భసంచిలో గట్టిగా కుదురుకోదు. ఆ రోజుల్లో గేదెను ఎండలో కట్టవద్దు. నీడ ఉండాలి. వేసవిలో రోజుకు రెండు మూడుసార్లు నీళ్ళతో తడపాలి, లేదా చెరువులో పడుకోనివ్వాలి. తరమడం, కొట్టడం, లారీల్లో దూరం తోలడం కూడదు. పచ్చిమేతతోపాటు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. నట్టల మందు పట్టించేముందు సూది వేయించిన సంగతి డాక్టరుకు చెప్పండి. కొన్ని మందులు తొలి చూలుకు హాని చేస్తాయి.

గేదె ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టవద్దు. బ్రూసెల్లోసిస్ వ్యాధి అయితే మనుషులకూ సోకుతుంది. ఇంట్లో గర్భిణులుంటే వారిని అసలే దగ్గరికి రానివ్వవద్దు. వెంటనే డాక్టరుకు కబురు చేయండి. ఆయన చెప్పినట్లు సున్నం వేసి లోతుగా పూడ్చిపెట్టండి.

తేదీ రాసుకోండి

సూది వేయించిన తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280. జనవరి 1న గేదెకు సూది వేయిస్తే 21వ రోజున, 42వ రోజున ఉదయం సాయంత్రం కనిపెట్టి చూడాలి. మార్చిలో చూడి పరీక్ష చేయించాలి. కట్టినట్లు తేలితే సెప్టెంబరు మొదటి వారంలో పాలు తీయడం ఆపాలి. నవంబరు మొదటి వారంలో ఈత ఎదురుచూడవచ్చు.

వట్టిదని తేలినా దిగులుపడి అయినకాడికి అమ్ముకోవద్దు. మూడో నెలలో తెలిస్తే చికిత్సకు వ్యవధి ఉంటుంది. సంతలో 'చూడి గేదె' అని చెప్పినా, డబ్బు చెల్లించే ముందే పరీక్ష చేయించండి.

సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు రెండు నెలలకొకసారి గ్రామంలో చూడి పరీక్షలకు ఏర్పాటు చేయాలని, సూది వేయించిన పశువుల వివరాలు రిజిస్టరులో రాయించాలని మా విజ్ఞప్తి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు పాల లెక్కతోపాటు ఆ రిజిస్టరు కూడా మేము చూస్తాము.