పాత కారు: ఇనుము వెల, చరిత్ర వెల

పాత కారు కొనదలచిన గృహస్థుడు సాధారణముగా వెల యెంత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడచును అను రెండు ప్రశ్నలను సిద్ధము చేసికొని బయలుదేరును. ఆ రెండింటికిని తృప్తికరముగా బదులు చెప్పగల మధ్యవర్తులకు కరీంనగరమున గాని, మంచిర్యాలయందు గాని, నిర్మల్‌లో గాని కొదువ లేదు. కాని ఆ బండి నిన్నటివరకు ఎవరి పేర, ఏ బాటల మీద, ఏ అప్పుతో తిరిగినదో విచారింపక బయానా యిచ్చినవాడు, తాను కొన్నది వాహనమో వ్యాజ్యమో చాల ఆలస్యముగా తెలిసికొనును.

బండి చరిత్రలో మొదటి పుట దాని నంబరు పలక. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బండ్లకు ఏపీ 15, ఆదిలాబాదు బండ్లకు ఏపీ 01 అను సంకేతములుండెడివి. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప క్రొత్త బండ్లకు అవి టీఎస్ 02, టీఎస్ 01 అయినవి. 2016 అక్టోబరులో జిల్లాలు విభక్తము కాగా నిర్మల్‌కు 18, మంచిర్యాలకు 19, ఆసిఫాబాదుకు 20, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22, సిరిసిల్లకు 23 వచ్చినవి. 2024 మార్చి నుండి టీఎస్ స్థానమున టీజీ నిలిచినది. కావున ఏపీ 15 పలక గల కారు ఎంత నిగనిగలాడుచున్నను, అది 2014 నాటికే రోడ్డెక్కినదని గ్రహింపవలయును. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు మాత్రమే చెల్లును. ఆపైన బండిని అధికారుల పరీక్షకు నిలిపి అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలయును. 600 రూపాయలుగా నుండిన ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేయబడినది. పన్నెండేండ్ల కారును బేరమాడువాడు మూడేండ్లకు రాబోవు ఈ భారమును ఇప్పుడే వెలలో తగ్గించి అడుగుట న్యాయము.

ఇక వెల సంగతి. బీమా లెక్కలలో కారు విలువ ఆరు నెలలలోపు నూటికి 5, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 చొప్పున తరుగును. అనగా 6 లక్షల కారు అయిదవ యేట 3 లక్షల విలువకు దిగును. అంగడి ఈ లెక్కను యథాతథముగా పాటింపదు గాని, బేరమునకు ఇది మంచి ప్రాతిపదిక. ఏ మూలనున్న మెకానిక్కైనను విప్పి బిగింపగల బొలెరో వంటి బండి ఉట్నూరు ఏజెన్సీ వైపు ఈ లెక్క కంటె ఎక్కువ పలుకును. విడిభాగములకు హైదరాబాదు పరుగెత్తింపజేయు విదేశీ కారు తక్కువ పలుకును. మరియొక విశేషము: 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినందున క్రొత్త కార్ల వెలలు దిగినవి. అమ్మువాడు తాను నాడు చెల్లించిన మొత్తమును జూపి బేరమాడును. కొనువాడు నేటి షోరూము ధరనుండి తరుగును లెక్కింపవలయును.

బండి ఏ యేట తయారైనదో తెలిసినచో దానియందేమున్నదో సగము తెలిసినట్లే. 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ బ్రేకులు, జూలై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనుకవైపు పార్కింగ్ సెన్సార్లు ప్రతి క్రొత్త కారునందు తప్పనిసరియైనవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య ప్రమాణములు రాగా మారుతి సంస్థ డీజిల్ కార్లనే విడిచిపెట్టినది. స్విఫ్ట్, డిజైర్లలో పేరు పొందిన 1,248 సీసీ డీజిల్ ఇంజను కావలెనన్నచో అంతకు ముందటి బండినే వెదకవలయును. బీఎస్ 6 డీజిల్ కార్ల పొగగొట్టములో మసిని పట్టి కాల్చివేయు వడపోత యుండును. అది శుభ్రపడుటకు రాజీవ్ రహదారి వంటి బాటపై నిలకడైన వేగముతో అప్పుడప్పుడు నడపవలయును. కరీంనగరములో ఇంటినుండి దుకాణమునకు మాత్రమే తిరుగువానికి పెట్రోలు కారే శ్రేయస్కరము.

పరీక్షించునపుడు ఈ ప్రాంతపు భూగోళమును గుర్తుంచుకొనవలయును. రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బాటలపై తిరిగిన బండికి గాలి వడపోత, ఏసీ ముందరి జాలి దుమ్ముతో పూడియుండుట సహజము. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు, 2022 జూలైలో మంచిర్యాల కాలనీలు వరదపాలైనవి. నీట మునిగిన కారును ఎంత కడిగినను, సీటు బెల్టును చివరవరకు లాగినపుడు బురద చారయు, స్టెప్నీ గుంటలో ఒండ్రును, సీటు బోల్టులకు తుప్పును బయటపడును. మీటరులో 40,000 చూపు కారునకు బ్రేకు పెడలు రబ్బరు అరిగి నునుపెక్కినచో మీటరును నమ్మరాదు. ఇంజను చల్లగా నున్న ఉదయమే మొదటిసారి తిప్పించి చూడవలయును: నీలిపొగ ఆయిలు కాలుటకు, నల్లపొగ ఇంధనము సరిగా మండకుండుటకు గుర్తు.

ఆదిలాబాదు వారికి మరొక ప్రలోభము కలదు. పెన్‌గంగ దాటగనే మహారాష్ట్ర. ఎంహెచ్ 29 యవత్మాల్, ఎంహెచ్ 34 చంద్రపూర్, ఎంహెచ్ 26 నాందేడ్ బండ్లు చౌకగా దొరకునని వినిపించును. కాని పన్నెండు నెలలకు మించి ఇచ్చట నిలుపు బండికి అక్కడి రవాణా కార్యాలయము నుండి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రము) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టి, క్రొత్త నంబరు పొందవలయును. ఈ ఖర్చును చేర్చి చూచినగాని చౌక ఎంతయో తేలదు.

మన పల్లెలలో తెల్లకాగితముపై భూమి చేతులు మారి, సాదాబైనామాల పేర తరతరములు కచేరీల చుట్టు తిరుగుట అందరికిని తెలిసినదే. కారును స్టాంపు కాగితముతో సరిపెట్టుట అట్టిదే. మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో, 29, 30 నంబరు ఫారములతో రవాణా కార్యాలయమునకు తెలుపవలయును. ఆర్సీలో (రిజిస్ట్రేషను పత్రములో) ఎవరి పేరున్నదో ప్రమాదమునకు పరిహారబాధ్యత వానిదేయని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అమ్మి గల్ఫునకు వెళ్లిన జగిత్యాల యువకుని ఇంటికి, కారు ఎవరి చేతిలోనున్నదో తెలియని తలిదండ్రుల చేతికి, అతని పేర నోటీసు రాగల స్థితి ఇదియే. ఆర్సీపై బ్యాంకు పేరున్నచో, అప్పు తీరినదను మాట చాలదు. 35వ ఫారము, బ్యాంకు లేఖ చేతబుచ్చుకొనవలయును.

బీమాను గూర్చియు ఒక భ్రమ కలదు. పాలసీని 14 దినములలో తన పేరికి మార్చుకొనుట కొన్నవాని విధి. పాత యజమాని సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ మాత్రము బండితో రాదు, అది యజమాని వెంటనే పోవును. ఇక ఇంధనము సంగతి. నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలసిన పెట్రోలు పాత కారునకు పనికివచ్చునా యని అడుగువారు పెక్కురు. 2023 ఏప్రిల్‌కు పూర్వపు పెక్కు కార్లు దానికొరకు రూపొందినవి కావు. మైలేజి కొంత తగ్గును, పాత రబ్బరు గొట్టములను సర్వీసు వేళల చూపించుకొనుట మంచిది.

ఈ విచారణ యంతయు చేసినను, కొనువాని చేతిలో చివరకు మిగులు బలము డబ్బే. దానిని ఒక్కసారిగా విడువక, వెలలో చెప్పుకోదగిన భాగమును ఆర్సీ తన పేర వచ్చువరకు నిలిపియుంచెదనని బయానానాడే వ్రాతపూర్వకముగా ఒప్పించుకొనవలయును. నిజాయితీగల అమ్మకందారు దీనికి వెనుకాడడు. ఏలయనగా పేరు మారుట అతనికిని విముక్తియే. ఈ షరతు వినగనే బేరము విరమించుకొనువాని కారు ఎంత చౌకయైనను కొనదగినది కాదు.