రోగారోగ్యముల నడుమ గీత

సికింద్రాబాదునకు చేరువను, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరునందు నెలకొల్పిన చిన్న విభాగమే క్రమముగా పెరిగి, 1958లో ఇచ్చటికి తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. దేశమునందలి బిడ్డలలో ఎవరు పుష్టిగా నున్నారు, ఎవరు కృశించుచున్నారు అను విచారణ దీనికి నిత్యకృత్యము. కాని ఆ విచారణకు పూర్వమే తేలవలసిన ప్రశ్న యొకటి యున్నది: ఎంత తగ్గినచో తక్కువ యనవలెను?

ఆరోగ్యవంతులైన ఒకే యీడు పిల్లలను వేయిమందిని చేర్చి ఎత్తు కొలిచినచో, పెక్కుమంది సగటు చుట్టును గుమిగూడుదురు. దానికి ఇరువైపుల దూరమైన కొలదిని సంఖ్య పలుచబడి, నడుమ ఉబ్బి ప్రక్కల వాలిన గంట యాకారము ఏర్పడును. దీనిని సామాన్య విభాజన మందురు. సగటునుండి కొలతలు ఎంత యెడముగా చెదరియున్నవో తెలుపునది క్రమవిచలనము. సగటునకు రెండు క్రమవిచలనముల దిగువన నుండువారు వేయింట 23 మంది మాత్రమే. ఇండియాతో సహా ఆరు దేశముల శిశువులను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణములలో గీత గీచినది ఇచ్చటనే. బరువు విషయమున పై వైపు తోక కొంత సాగుటచే, గణితముతో సరిదిద్దిన పిమ్మటనే ఈ లెక్కను వర్తింపజేసిరి.

రెండేండ్ల బాలికను తీసికొందము. ఆ యీడున మధ్యగత బరువు (సగముమంది దానికి ఎగువను, సగముమంది దిగువను తూగునది) 11.5 కిలోలు, 9 కిలోలకు తగ్గినచో తక్కువ బరువు, 8.1నకు తగ్గినచో తీవ్రమైన లోపము. అంగన్‌వాడిలో 8.9 కిలోలు తూగిన పిల్ల పేరు ఒక జాబితాలోనికి, 9.1 తూగిన పిల్ల పేరు వేరొక జాబితాలోనికి పోవును. ఆ 200 గ్రాముల భేదము తూచుటకు ముందు త్రాగిన గ్లాసెడు పాలవలననే రావచ్చును. సహజముగా సన్నని దేహము గల ఆరోగ్యవతి గీతకు దిగువన పడవచ్చును. విరేచనములచే నెలలో కిలో బరువు కోల్పోయిన బొద్దుపిల్ల ఇంకను ఎగువనే నిలువవచ్చును. ఆరోగ్యవంతుల వక్రము, రోగుల వక్రము ఒకదానిపై నొకటి కొంత పరచుకొని యుండుటయే దీనికి కారణము. గీతను పైకి జరిపినచో రోగులు తప్పిపోరు గాని, నిష్కారణముగా భయపడువారు పెరుగుదురు. క్రిందికి దింపినచో భయము తగ్గును గాని, రోగులు కొందరు చేయి జారుదురు.

రక్తహీనత విషయమున నిది మరింత స్పష్టము. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఆరోగ్యవంతులైన బాలబాలికలను ఏరి, వారిలో హిమోగ్లోబిన్ అత్యల్పముగా గల 5 శాతము మందికి పైన గీత గీచి చూడగా, 1 మొదలు 19 ఏండ్లవారిలో రక్తహీనత 30 శాతమునుండి దాదాపు 11 శాతమునకు దిగినది. ఈ అధ్యయనము 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడినది. పిల్లల నెత్తురు మారలేదు; గీత మారినది, దానితో కోట్లమంది రోగులు ఆరోగ్యవంతులైరి. పిమ్మట 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, 6 మొదలు 23 నెలల శిశువులకు డెసిలీటరునకు 11 గ్రాములుగా నున్న గీతను 10.5నకు దించినది.

కాబట్టి ఎవరి కొలతలనుబట్టి గీత గీచిరి, తప్పినచో నష్టమెవరికి అను రెండు ప్రశ్నలకు గణితము ఒంటరిగా సమాధానము చెప్పజాలదు. అది వైద్యుల, సమాజముల వివేచనకు సంబంధించినది. గీతకు దిగువనున్న బిడ్డను గూర్చి తల్లిదండ్రులు బెంగపడనక్కరలేదు, ఉపేక్షింపనురాదు. మరల తూచవలెను; గడచిన నెలల బరువులతో పోల్చవలెను; పిదప వైద్యుని కడకు కొనిపోవలెను. జల్లెడ పట్టుట రోగనిర్ణయము కాదు.