పావు, అర, ముప్పావు: మీ ఇంట్లోనే ఉన్న ఫ్రాక్షన్స్



పేరెంట్స్ మీటింగ్‌లో మ్యాథ్స్ మార్కుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది అమ్మానాన్నలు ఒకే మాట అంటారు: "మేం తెలుగు మీడియంలో చదువుకున్నాం మేడం. వీళ్ల ఇంగ్లిష్ లెక్కలు మాకు రావు. ట్యూషన్‌లో చేర్పించమంటారా?"

ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం. నాలుగు నుంచి ఏడో తరగతి దాకా పిల్లల్ని బాగా తికమక పెట్టే పాఠం ఫ్రాక్షన్స్. దానికి కావలసిన మాటలు మీరు రోజూ వాడుతూనే ఉన్నారు: అర, పావు, ముప్పావు. ముప్పావు అంటే మూడు పావులు. 3/4 అని రాసినప్పుడు చెప్పేది కూడా అదే. అంటే ఆ లెక్క మీకు వచ్చు. దాన్ని పుస్తకంలోని లెక్కతో కలపడమే మిగిలింది.

పిల్లలు ఎక్కడ తడబడతారు?

మీ అబ్బాయినో అమ్మాయినో రెండు ప్రశ్నలు అడిగి చూడండి. 1/3, 1/4లలో ఏది పెద్దది? 1/2కి 1/3 కలిపితే ఎంత?

మొదటిదానికి చాలామంది "1/4" అంటారు. 3 కన్నా 4 పెద్దది కదా అని వాళ్ల లెక్క. రెండోదానికి పైవి కలిపి, కిందివి కలిపి 2/5 అని రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు. అప్పటిదాకా నేర్చుకున్న అంకెల అలవాటునే ఇక్కడా వాడుతున్నారు. 1/3 అనేది ఒకే సంఖ్య అని వాళ్ల మనసుకు ఇంకా పట్టలేదు. ఒకటి, మూడు అని రెండు వేర్వేరు అంకెలే కనిపిస్తున్నాయి.

ఎల్‌సీఎం పద్ధతి బట్టీ పట్టిస్తే స్లిప్ టెస్టులో మార్కులు రావచ్చు. కానీ అర్థం కాని పద్ధతి రెండు నెలలకు మరచిపోతారు. పర్సంటేజీలు, రేషియోలు, ఆపైన ఆల్జీబ్రా, అన్నీ ఫ్రాక్షన్స్ మీదే నిలబడతాయి. "ఆరో తరగతి దాకా బాగానే చదివాడు, ఇప్పుడే ఎందుకో మ్యాథ్స్ అంటే భయపడుతున్నాడు" అనే మాటకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

వంటింట్లో

ఒక చపాతీని మూడు సమాన ముక్కలు, అంతే సైజున్న ఇంకో చపాతీని నాలుగు సమాన ముక్కలు చేయించండి. ఏ ముక్క పెద్దది? పంచుకునేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుందని బిడ్డే చెబుతుంది. కింద ఉన్న అంకె పెరిగితే ముక్క చిన్నదవుతుందన్న విషయం అప్పుడు బట్టీ పట్టాల్సిన రూల్‌గా మిగలదు.

ఇప్పుడు పప్పు డబ్బా దగ్గరికి రండి. అరకిలోలో ఎన్ని పావుకిలోలు ఉంటాయి? రెండు. దీన్నే పుస్తకంలో 1/2 ÷ 1/4 = 2 అంటారు. "భాగిస్తే జవాబు పెరిగిందేంటి?" అని పిల్లలు ఆశ్చర్యపోయే చోటు ఇది. "ఇందులో అవి ఎన్ని పడతాయి?" అని అడుగుతున్నామని తెలిస్తే ఆ ఆశ్చర్యం పోతుంది. ముప్పావు కిలోలో పావుకిలోలు ఎన్ని అని కూడా అడగండి.

గడియారం దగ్గర

అరగంటకు పావుగంట కలిపితే ముప్పావు గంట. ఇది పిల్లలకూ తెలుసు. అంటే 1/2 + 1/4 = 3/4 వాళ్లకు వచ్చినట్టే.

ఇక ఇందాకటి 1/2 + 1/3 చూద్దాం. గంటలో సగం 30 నిమిషాలు. గంటలో మూడో వంతు 20 నిమిషాలు. కలిపితే 50 నిమిషాలు. గంటను పది నిమిషాల ముక్కలుగా చేస్తే మొత్తం ఆరు ముక్కలు. 30 నిమిషాలంటే మూడు ముక్కలు, 20 నిమిషాలంటే రెండు ముక్కలు. కలిపితే ఆరింటిలో ఐదు, అంటే 5/6. రెండింటినీ ఒకే సైజు ముక్కలుగా మార్చాకే కలపగలం. ఎల్‌సీఎం తీసేది అందుకే.

2/5 ఎందుకు తప్పో కూడా గడియారమే చెబుతుంది. గంటలో 2/5 అంటే 24 నిమిషాలు. అరగంటకు ఇంకొంత సమయం కలిపితే అరగంట కన్నా తగ్గుతుందా?

కూరగాయల బండి దగ్గర

డెసిమల్స్‌లో ఎక్కువగా కనిపించే తప్పు: 1.25, 1.5లలో 1.25 పెద్దదనడం. 5 కన్నా 25 పెద్దది కదా అంటారు. ఒకటి కిలో పావు, ఇంకోటి కిలోన్నర అని చెప్పండి. జవాబు వెంటనే మారుతుంది. ఎలక్ట్రానిక్ కాటా మీద 1.250, 1.500 అని కనిపిస్తే చూపించండి. చుక్క తర్వాత అంకెలు సమానంగా ఉంటే పోల్చడం తేలిక.

ఒక్క జాగ్రత్త. టైమ్ 2.30 అని రాస్తాం కానీ రెండున్నర గంటలంటే 2.5 గంటలు. గంటకు 60 నిమిషాలు కాబట్టి ఈ తేడా. ఐదు, ఆరు తరగతుల పిల్లలతో దీని గురించి తప్పకుండా మాట్లాడండి.

అడిగే తీరు

• లెక్క చేసే ముందు "జవాబు అరకన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?" అని అడగండి. అంచనా వేసే అలవాటున్న పిల్లలు తమ తప్పును తామే పట్టుకుంటారు.
• జవాబు సరైనదైనా "ఎలా వచ్చింది?" అని అడగండి. తప్పు వచ్చినప్పుడే అడిగితే ఆ ప్రశ్న తిట్టులా వినిపిస్తుంది.
• వెంటనే జవాబు చెప్పేయకండి. కాసేపు ఆలోచించనివ్వండి.
• "నాకూ చిన్నప్పుడు లెక్కలు రావు" అని బిడ్డ ముందు అనకండి. లెక్కలు పుట్టుకతో రావాలేమో అనుకుంటారు.
• రోజుకు పది నిమిషాలు చాలు. విసుగు కనిపిస్తే ఆపేయండి.

తెలుగులో చెబితే ఇంగ్లిష్ పాడవుతుందా?

పాడవదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించమని చెబుతోంది. మన పిల్లలు పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాయాలి కాబట్టి ముందు తెలుగులో అర్థం చేయించి, తర్వాత ఇంగ్లిష్ పేరు జోడించండి. పావు అంటే క్వార్టర్, వన్ ఫోర్త్. ముప్పావు అంటే త్రీ ఫోర్త్స్. అర్థమైన విషయానికి ఇంకో పేరు నేర్చుకోవడం పిల్లలకు కష్టం కాదు.

ఈ నెల ఇలా చేసి చూడండి

1 నుంచి 3 తరగతులు: చపాతీని, దోసెను సగం, పావు చేయడం. ముక్కలు సమానంగా ఉన్నాయో లేదో చూడడం.

4, 5 తరగతులు: పావుకిలో, అరకిలో, ముప్పావు కిలోలను గ్రాముల్లో చెప్పడం. పావుగంట, అరగంట కూడికలు.

6, 7 తరగతులు: గంటలో మూడో వంతు, నాలుగో వంతు, ఐదో వంతు, ఆరో వంతు ఎన్ని నిమిషాలో పట్టిక రాసి, ఏవైనా రెండు కలిపి ఫ్రాక్షన్‌గా రాయడం.

మీ బిడ్డ ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయిందో, ఏమని చెప్పిందో డైరీలో ఒక లైను రాసి పంపండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కన్నా ముందు ఆ లైను గురించే మాట్లాడుకుందాం. ట్యూషన్ అవసరమా కాదా అన్నది కూడా అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.